మైకులో వినిపించిన 50 లక్షలు

ప్రశ్న: మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లల కోసం మర్రిపాలెంలో ఒక చిన్న డే కేర్ సెంటర్ నడుపుతున్నాం. 2011లో సొసైటీగా రిజిస్టర్ చేశాం. ఇప్పుడు 34 మంది పిల్లలు వస్తున్నారు. అద్దె ఇల్లు, అదీ రెండో అంతస్తు. లిఫ్టు లేదు. నడవలేని నలుగురు పిల్లల్ని మా ఆయాలు రోజూ ఎత్తుకుని మెట్లెక్కిస్తారు. వాళ్లలో ఒకడికి పదమూడేళ్లు నిండాయి, బరువు 42 కిలోలు. సొంత భవనం కోసం నాలుగేళ్లుగా విరాళాలు పోగు చేస్తే 41 లక్షలయ్యాయి. ఇంజినీరు వేసిన అంచనా కోటీ 60 లక్షలు. కిందటేడు మా వార్షికోత్సవానికి వచ్చిన ఒక ప్రజాప్రతినిధి, కార్పొరేషన్ నుంచి 50 లక్షలు ఇప్పిస్తానని మైకులో చెప్పారు. కాలనీలో పార్కు కోసం వదిలిన 600 గజాల ఖాళీ జాగా చూపించి, "ఇక్కడ కట్టుకోండి, నేను చూసుకుంటా" అన్నారు. అప్పటి నుంచి జోనల్ ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. "ముందు పునాది వేసేద్దాం, పని మొదలైతే డబ్బు అదే వస్తుంది" అని కమిటీలో కొందరు పట్టుబడుతున్నారు. ట్రెజరర్ గారి అల్లుడు అమెరికా నుంచి 10 లక్షలు పంపుతానంటున్నాడు. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సొసైటీ కార్యదర్శి, విశాఖపట్నం

సమాధానం:

కార్యదర్శి గారూ,

ముందు పునాది సంగతి చెప్తాను. వేయకండి. మీ ఉత్తరంలో వంద విషయాలున్నా ఈ ఒక్కదానికి మాత్రం గడువుంది. కమిటీలో తొందరపడేవాళ్లు ఏదో ఒక మంచి రోజు చూసి కొబ్బరికాయ కొట్టేస్తారని నా భయం.

పార్కు కోసం వదిలిన జాగా ఖాళీగా కనిపిస్తుంది కానీ అది ఖాళీ జాగా కాదు. లేఅవుట్ వేసినప్పుడు మొత్తం విస్తీర్ణంలో పదో వంతు ఆట స్థలానికీ, పార్కుకీ వదలాలి. ఆ ముక్క గిఫ్ట్ డీడ్ మీద స్థానిక సంస్థ చేతికి వెళ్తుంది. కార్పొరేషన్ దానికి కాపలాదారు మాత్రమే. ఇష్టం వచ్చినవాళ్లకి పంచిపెట్టే యజమాని కాదు. బెంగళూరులో ఇలాగే ఒక పార్కు జాగాని ఒక మెడికల్ ట్రస్టుకి నర్సింగ్ హోమ్ కట్టుకోమని ఇచ్చారు. ఇవ్వమన్నది ఎవరో చిన్నా చితకా నాయకుడు కాదు, సాక్షాత్తూ ముఖ్యమంత్రి. కాలనీవాళ్లు కోర్టుకెళ్లారు. సుప్రీంకోర్టు 1991లో ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. ఆసుపత్రి మంచి పనే కావచ్చు గానీ పార్కు జాగాలో కుదరదంది. ముఖ్యమంత్రి మాటే నిలవని చోట "నేను చూసుకుంటా" అన్న మాట ఎంత సేపు నిలుస్తుంది? మీ కాలనీలో ఒక్కరు, ఎవరో ఒక్కరు, హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే చాలు. మీది పిల్లల సెంటరే అయినా సరే. పైగా రోజూ ఆ కాలనీ మీదుగా వచ్చే పిల్లలు మీవాళ్లు. చుట్టుపక్కల వాళ్లతో గొడవ పెట్టుకుని అక్కడ ఒక్క రోజైనా ప్రశాంతంగా నడపలేరు.

ఇరవై ఆరేళ్లుగా ట్రస్టుల, సొసైటీల లెక్కలు చూస్తున్నాను. ఒకప్పుడు నా దగ్గరికి వచ్చే ఒక సంస్థ ఇలాగే ఒక పెద్దమనిషి మాట పట్టుకుని పునాది లేపి పిల్లర్లు పోసింది. ఏడున్నర లక్షలు అక్కడే అయిపోయాయి. ఆ తర్వాత ఆ పెద్దమనిషికి పదవి పోయింది, ఫైలు ఏ టేబుల్ మీద ఉందో ఎవరికీ తెలియలేదు. నేను చూడ్డానికి వెళ్లేసరికి మూడు వర్షాకాలాలు గడిచాయి. సముద్రపు గాలికి ఊచలు పొరలు పొరలుగా ఊడుతున్నాయి. చేత్తో తాకితే ఎర్రటి పొడి అంటుకుంది. శంకుస్థాపన పలక మాత్రం చెక్కు చెదరలేదు, నల్ల గ్రానైటు కదా. దాని మీద మేకలు పడుకునేవి.

ఇక ఆ 50 లక్షలు.

మైకులో చెప్పిన పెద్దమనిషిని నేను తప్పు పట్టను. వార్షికోత్సవంలో పిల్లలు డాన్సు చేస్తుంటే ఎవరికైనా గుండె కరుగుతుంది. ఆ క్షణంలో ఆయన నిజంగానే ఇవ్వాలనుకుని ఉంటారు. కానీ మాట ఇచ్చినవాడు వేరు, సంతకం పెట్టేవాడు వేరు, చెక్కు రాసేవాడు వేరు. ఆయన ఏ జేబులోంచి ఇస్తానన్నారో మీరు అడగలేదు. అసలు ప్రశ్న అది. కార్పొరేషన్ సాధారణ నిధులా? ఎంపీ నిధులా? రాష్ట్ర ప్రభుత్వం నుంచి ప్రత్యేకంగా తెస్తానన్నారా? ఒక్కోదానికీ ఒక్కో దారి, ఒక్కో ఆఫీసు. మీరు ఏడాదిగా తిరుగుతున్న జోనల్ ఆఫీసుకి ఈ మూడింటిలో దేని మీదా నిర్ణయం తీసుకునే అధికారం లేదని నా అనుమానం. పాపం, అక్కడివాళ్లు మిమ్మల్ని "రేపు రండి" అనడం తప్ప ఇంకేం చేయగలరు?

కార్పొరేషన్ డబ్బు సంగతి సూటిగా చెప్పుకుందాం. మన ఇంటి పన్నులతో నిండే ఖజానా అది. ఒక ప్రైవేటు సొసైటీ తన పేరు మీద కట్టుకునే భవనానికి 50 లక్షల చెక్కు చేతికివ్వడం అనేది మామూలుగా జరిగే పని కాదు. ఇస్తే ఆడిట్‌లో అడ్డం పడుతుంది, ఇచ్చిన కమిషనర్ సమాధానం చెప్పుకోవాలి. కార్పొరేషన్ చేయగలిగింది ఇంకోటి ఉంది. తన జాగాలో, తన పేరు మీద, తన ఇంజినీర్లతో భవనం కట్టగలదు, లేదా ఉన్న భవనాన్ని వాడుకోమని ఇవ్వగలదు. బీచ్ రోడ్డులో స్మార్ట్ సిటీ నిధులతో కట్టిన ఆల్ ఎబిలిటీస్ పార్కు చూశారుగా. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లలు కూడా ఆడుకునేలా చేశారు. అది కార్పొరేషన్ ఆస్తి. నిరాశ్రయుల వసతి గృహాలు చూడండి. అక్కడ గూడు కల్పించేది కార్పొరేషన్, లోపల వంట, పడక, మనుషుల్ని చూసుకోవడం స్వచ్ఛంద సంస్థల పని. మన ఊళ్లో ఏళ్లుగా ఇలా నడుస్తున్నవి ఉన్నాయి. అంటే మీలాంటి సంస్థకి కార్పొరేషన్ తలుపు మూసి లేదు. మీరు డబ్బుల కిటికీ దగ్గర నిలబడ్డారు, అంతే. అడగాల్సింది జాగా కిటికీ దగ్గర.

అందుకే మీ కమిటీ ఒక ఆదివారం కూర్చుని తేల్చుకోవాల్సింది ఇది: మీకు కావలసింది ఇల్లా, ఇంటి మీద హక్కా? రెండూ ఒకేసారి ప్రభుత్వం నుంచి రావు. మీ పేరు మీద ఆస్తి కావాలంటే జాగా కొనుక్కోవడం దగ్గర్నుంచి అన్నీ విరాళాలతోనే లాగాలి. 41 లక్షలతో మర్రిపాలెంలో 600 గజాల మాట అటుంచి, అందులో పావు వంతు కొనడం కూడా కష్టమని మీకు నేను చెప్పక్కర్లేదు. పైకప్పు చాలు, హక్కు లేకపోయినా ఫర్వాలేదనుకుంటే దారి దగ్గరవుతుంది.

నన్నడిగితే రెండోదే. పిల్లలు తక్కువై మూసేసిన మున్సిపల్ స్కూలు గదులు, పెళ్లిళ్లకి తప్ప తాళం తీయని కమ్యూనిటీ హాళ్లు, ఆఫీసు మారిపోయి ఖాళీ అయిన గదులు మీ చుట్టుపక్కల ఏమున్నాయో ముందు మీరే తిరిగి చూసుకోండి. గ్రౌండ్ ఫ్లోర్ ఉందా, వ్యాను లోపలికి వస్తుందా, బాత్‌రూమ్ తలుపు లోంచి చక్రాల కుర్చీ పడుతుందా టేపు పెట్టి కొలవండి. రెండు మూడు చోట్లు పట్టుకుని, ఫలానా భవనం ఇప్పించండి, మా ఖర్చుతో బాగు చేసుకుని మేమే నడుపుకుంటాం అని అడగండి. "డబ్బివ్వండి" అన్న అర్జీకీ "మీ పాడుబడ్డ భవనాన్ని బాగు చేస్తాం" అన్న అర్జీకీ కమిషనర్ ముఖంలోనే తేడా కనిపిస్తుంది.

ఇందులో నష్టం లేదని చెప్పను. లీజు గడువు తీరుతుంది. కొత్త కమిషనర్ వచ్చి "ఈ భవనం మాకు కావాలి" అనొచ్చు. అందుకని ఒప్పందంలో గట్టిగా ఉండాల్సినవి గట్టిగా రాయించుకోవాలి: ఎన్నేళ్లు, రెన్యువల్ ఎలా, ఖాళీ చేయమంటే ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలి, మీరు పెట్టిన ఫిజియోథెరపీ సామాన్లు, ర్యాంపు, లిఫ్టు ఎవరివి. ఎక్కువ ఏళ్ల లీజు అయితే కౌన్సిల్ తీర్మానం, ప్రభుత్వ అనుమతి దాకా వెళ్తుంది. లేటవుతుంది, కానీ అలా వెళ్లిన కాగితాన్ని తర్వాత ఎవరూ తేలిగ్గా చింపలేరు. నోటి మాట మీద, లేదా ఒక అధికారి తెల్ల కాగితం మీద రాసిచ్చిన దాని మీద మాత్రం ఒక్క రూపాయి కూడా మరమ్మతులకి పెట్టకండి.

అర్జీ ఎలా రాయాలో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పాడు చేసుకుంటారు. సంస్థ చరిత్ర, సన్మానాలు, పేపర్లో వచ్చిన ఫొటోలు కలిపి ఇరవై పేజీలు కుడతారు. ఎవరూ చదవరు. ఒక్క పేజీ చాలు. మొదటి పేరాలో ఏం కావాలో, ఏ భవనమో, ఎన్ని చదరపు అడుగులో. రెండో పేరాలో 34 మంది పిల్లలు, ఏ వార్డుల నుంచి వస్తున్నారో లెక్క. మూడో దాంట్లో మీ దగ్గరున్న 41 లక్షల మాట, దాన్ని దేనికి పెట్టగలరో. అంతే. ఇంకో మాట. మెట్ల మీద ఆ పదమూడేళ్ల బాబుని ఇద్దరు ఆయాలు ఎత్తుకుని వస్తున్న ఫొటో ఒకటి, ముఖం కనపడకుండా, తల్లిదండ్రుల అనుమతితో తీసి జత చేయండి. సన్మానం ఫొటోలు వద్దు.

ఆ అర్జీని సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరు తీసుకోండి. ఇంకో కాపీ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయంలో ఇచ్చి, అర్జీ అందినట్టు తేదీ, నంబరుతో ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. ఏడాదిగా తిరిగిన మీ దగ్గర ఒక్క ఇన్‌వర్డ్ నంబరైనా ఉందా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. నంబరు లేని అర్జీ గురించి సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) కింద అడిగినా అది ఏ ఫైలో తేల్చడం కష్టం. నంబరుంటే, "ఈ ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఏ తేదీన ఏం రాశారు" అని అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ మొదటి నెలలోనే ఆర్‌టీఐ వేసి కయ్యానికి దిగకండి. అది చివర వాడే ఆయుధం.

మైకులో చెప్పిన పెద్దమనిషిని వదిలేయమనడం లేదు. ఆయన దగ్గరికి "మీరు చెప్పిన 50 లక్షలేమయ్యాయి" అని వెళ్తే మొహం చాటేస్తారు. కమిషనర్‌కి ఆయన రాయాల్సిన సిఫారసు ఉత్తరం మీరే టైపు చేసి పట్టుకెళ్లండి, ఫలానా భవనం ఈ సంస్థకి ఇస్తే బాగుంటుందని. ఆయన లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి సంతకం పెట్టడమే మిగలాలి. మాట నిలబెట్టుకునే తేలిక దారి చూపిస్తే చాలామంది నాయకులు నిలబెట్టుకుంటారు. నా అనుభవం ఇది. పదవుల గడువు మాత్రం గుర్తుంచుకోండి. 2012 నుంచి 2021 దాకా తొమ్మిదేళ్లు మన కార్పొరేషన్‌కి ఎన్నికైన కౌన్సిలే లేదు, ప్రత్యేకాధికారుల పాలనే. అంతకు ముందు కార్పొరేటర్లు ఇచ్చిన హామీలు ఎన్ని గాలికి పోయాయో ఆ రోజుల్లో తిరిగినవాళ్లకి తెలుసు. తీర్మానం అయితే మనుషులు మారినా మినిట్స్ పుస్తకంలో ఉంటుంది.

ఒకవేళ నిజంగానే కార్పొరేషన్ తన జాగాలో కడతానని ఒప్పుకుందనుకోండి. అప్పుడు కూడా "శాంక్షన్ అయింది" అన్న మాట విని స్వీట్లు పంచకండి. అంచనా తయారవ్వాలి, పరిపాలనా ఆమోదం రావాలి, సాంకేతిక మంజూరు రావాలి, టెండరు పిలవాలి, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు కావాలి. పని జరిగాక ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కాలి, బిల్లు పాసవ్వాలి. బిల్లులు పెండింగ్ పడితే కాంట్రాక్టరు శ్లాబు దగ్గర ఆపేసి వెళ్లిపోతాడు. మన రాష్ట్రంలో ఇది వింతేమీ కాదు. అందుకే మీ బడ్జెట్ కాగితంలో ప్రభుత్వ సొమ్మని ఒక గడి పెట్టుకుంటే, వర్క్ ఆర్డర్ కళ్లతో చూసేదాకా అందులో సున్నా రాసుకోండి. పైగా కార్పొరేషన్ బడ్జెట్ మార్చి లోపు తేలిపోతుంది. మీ అర్జీ దీపావళికైనా లోపలికి వెళ్లి ఉండాలి. ఏప్రిల్లో వెళ్తే ఇంకో ఏడాది ఆగినట్టే.

ఎంపీ నిధులు ఇంకో దారి. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. మూడేళ్లకు పైగా పని చేస్తున్న రిజిస్టర్డ్ సొసైటీలకీ, ట్రస్టులకీ కూడా పనులు సిఫారసు చేయొచ్చు. 2011 నుంచి ఉన్నారు కాబట్టి మీరు అర్హులే. ఆ ఎంపీ గానీ, వాళ్ల కుటుంబ సభ్యులు గానీ మీ కమిటీలో ఉండకూడదు. ఒక సంస్థకి జీవితకాలం మొత్తంలో ఇంతకు మించి ఇవ్వకూడదనే పరిమితీ ఉంది. ఇక్కడా డబ్బు మీ చేతికి రాదు: ఎంపీ సిఫారసు చేస్తారు, కలెక్టర్ మంజూరు చేస్తారు, ఏదో ఒక ప్రభుత్వ ఇంజినీరింగ్ విభాగం కట్టిస్తుంది. స్థలం కాగితాలు తిరుగులేకుండా ఉండాలి. అంటే మళ్లీ ఆ పార్కు జాగా ఇక్కడా పనికిరాదు. అందరూ మన లోక్‌సభ ఎంపీ చుట్టూనే మూగుతారు గానీ, రాష్ట్రం నుంచి రాజ్యసభకి ఎన్నికైన 11 మందిలో ఎవరైనా విశాఖలో పని సిఫారసు చేయొచ్చు. అక్కడ క్యూ చిన్నది. కాకపోతే ఈ నిధుల మీదే ఇల్లు నిలబెట్టకండి. కోవిడ్ వచ్చినప్పుడు 2020 ఏప్రిల్లో మొత్తం పథకాన్నే ఆపేశారు, మళ్లీ 2021 నవంబరు దాకా తెరవలేదు.

ఇప్పుడు నా అసలు వృత్తిలోకి వస్తాను. మీరు అడగని ప్రశ్న ఇది, కానీ మీ ఉత్తరం చదువుతుంటే నాకు గుండె గుభేలుమన్నది ఇక్కడే. నాలుగేళ్లుగా 41 లక్షలు పోగు చేశాం అన్నారు. ఎలా పోగు చేశారు?

ధార్మిక సంస్థలకి పన్ను మినహాయింపు ఊరికే రాదు. ఏడాదిలో వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే సంస్థ పనికి ఖర్చు పెట్టాలి. మిగతా 15 శాతం దాచుకోవచ్చు. అంతకన్నా ఎక్కువ దాచాలంటే దారులు రెండు. ఒకటి, "ఈ సొమ్ము భవన నిధికి మూలధనంగా ఇస్తున్నాను" అని దాత రాతపూర్వకంగా చెప్పాలి. ఆ సొమ్ముని విడిగా, చట్టం ఒప్పుకునే చోట, అంటే బ్యాంకు డిపాజిట్ లాంటి చోట, ఉంచాలి. రెండు, భవనం కోసం దాస్తున్నామని కమిటీ తీర్మానం చేసి, గడువు లోపల ఆదాయపు పన్ను శాఖకి ఫారం 10 దాఖలు చేయాలి. అలా దాచింది ఐదేళ్లలో ఆ పనికే ఖర్చయిపోవాలి. మొదటి ఏడాది దాచిన సొమ్ముకి ఇప్పటికే నాలుగేళ్లు నిండుతున్నాయేమో చూసుకోండి. ఫారమే వేయకపోతే ఇంకా ఇబ్బంది. 41 లక్షల్లో కొంత పన్నుకి పోవచ్చు. ఆ రసీదు పుస్తకాలు, నాలుగేళ్ల రిటర్నులు పట్టుకుని ఈ వారమే మీ ఆడిటర్ దగ్గర కూర్చోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారిపోయాయి కాబట్టి, నేను చెప్పిన పాత పేర్లకి ఇప్పుడు ఏ నంబరో ఆయనే చూసి చెప్తారు.

ఇక నుంచి రసీదు మీద ఒక్క లైను అచ్చు వేయించండి: "ఈ విరాళం భవన మూలధన నిధికి." కింద దాత సంతకం. ఖాతా వేరుగా తెరవండి, జీతాల ఖాతాతో కలపకండి. రెండు వేలు దాటిన నగదు ఇస్తే దాతకి ఆదాయపు పన్నులో 80జి రాయితీ రాదు. అందుకని పెద్ద మొత్తాలు చెక్కు గానీ, యూపీఐ గానీ. ఇవన్నీ చాదస్తంలా కనిపిస్తాయి. ఎవరో ఒకరు కమిటీలో గొడవపడి ఫిర్యాదు చేసిన రోజున మిమ్మల్ని కాపాడేది ఈ చాదస్తమే.

కంపెనీల సీఎస్ఆర్, అంటే లాభాల్లోంచి సమాజ సేవకి పెట్టాల్సిన సొమ్ము, సంగతి రెండు ముక్కల్లో. మన ఊళ్లో పోర్టు ఉంది, రిఫైనరీ ఉంది, షిప్‌యార్డు ఉంది, ప్రైవేటు కంపెనీలున్నాయి. గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం అన్న లెక్క కాబట్టి నష్టాల్లో ఉన్నవాళ్ల గుమ్మం తొక్కి లాభం లేదు. ఆ సొమ్ము తీసుకోవాలంటే మీకు కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి. స్వచ్ఛంద సంస్థల నమోదుకి నీతి ఆయోగ్ ఇచ్చే దర్పణ్ నంబరు కూడా చాలా కంపెనీలు అడుగుతాయి. వాళ్లని కోటీ 60 లక్షల భవనం అడగొద్దు. లిఫ్టు ఒకరిని, ఫిజియోథెరపీ గది ఒకరిని, వ్యాను ఒకరిని అడగండి. లిఫ్టు తలుపు పక్కన తమ పేరు పలక ఉంటే కంపెనీవాళ్లకి అదో తృప్తి.

అమెరికా అల్లుడి డబ్బు దగ్గర ఒక నిమిషం ఆగండి. ఆయన చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు, అది మామూలు విరాళమే. పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, విదేశీ పౌరులైన భారత సంతతి వారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క డాలర్ తీసుకోకూడదు. ఉన్నా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాలోనే పడాలి. "మామగారి ఖాతాలో వేస్తా, ఆయన మీకిస్తారు" అంటాడు అల్లుడు. వద్దు. మంచి మనసుతోనే అంటాడు, ఇరుక్కునేది మీరు.

దివ్యాంగులైన పిల్లల సంస్థ కాబట్టి మీ చేతిలో ఇంకో కాగితం కూడా ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ఇలాంటి సంస్థ నడపాలంటే విడిగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. సొసైటీ రిజిస్ట్రేషన్ ఒక్కటీ సరిపోదు. అది లేకపోతే ఏ ఆఫీసూ మీ ఫైలు ముట్టుకోదు. ఉంటే, జీతాలకీ అద్దెకీ పిల్లల రవాణాకీ కేంద్రం ఇచ్చే దీనదయాళ్ దివ్యాంగుల పునరావాస పథకానికి అర్జీ పెట్టుకోవచ్చు. అదే చట్టం 37వ సెక్షన్‌లో, రాయితీ ధరకి స్థలాలిచ్చే పథకాల్లో 5 శాతం దివ్యాంగులకి కేటాయించాలని ఉంది. దాన్ని మీ అర్జీలో ఒక వాక్యంగా రాయండి. దాని బలంతో రేపే జాగా వస్తుందని కాదు, చదివే అధికారికి నోట్ రాయడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఆధారం లేకుండా ఎవరూ పెన్ను కదపరు.

మీ ఇంజినీరు అంచనా నేను చూడలేదు. కానీ అందులో కార్మిక సంక్షేమ సెస్ 1 శాతం, ప్లాన్ ఫీజులు, కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు ఉన్నాయేమో అడగండి. చాలాసార్లు ఉండవు. లిఫ్టు కరెంటు బిల్లు, నిర్వహణ ఒప్పందం నెలనెలా ఎవరు కడతారో కూడా. "డబ్బు చాలకపోతే పైన రేకులు వేసుకుందాం" అని ఎవరో ఒకరు అనే ఉంటారు మీ కమిటీలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను రోజు ఊళ్లో రేకులు ఎలా ఎగిరాయో చూసినవాళ్లం మనం. నడవలేని పిల్లలున్న చోట ఆ మాట ఎత్తనివ్వకండి.

చివరిగా, భవనం మాట ఎలా ఉన్నా ఆ నలుగురు పిల్లల సంగతి. మీరు ఎంత పరిగెత్తినా ఇదంతా తేలడానికి రెండేళ్లు పడుతుంది. అప్పటికి ఆ బాబు బరువు 42 కిలోలు ఉండదు. ఒక ఆయా కాలు జారితే మీ భవన నిధి ఉద్యమం ఆ రోజుతో ఆగిపోతుంది. అందుకని ఈ నెలే గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు వెతకండి. మర్రిపాలెంలో దొరక్కపోతే గోపాలపట్నం వైపో, కంచరపాలెం వైపో చూడండి. అద్దె నాలుగైదు వేలు ఎక్కువైనా ఫర్వాలేదు. గుమ్మం దగ్గర చెక్కతో చిన్న ర్యాంపు చేయిస్తే సరిపోతుంది. మీరుంటున్న ఇంటి ఓనర్‌కి నోటీసు ఇచ్చేముందు అడ్వాన్సు ఎంత తిరిగి రావాలో రాతలో తీసుకోండి. కొత్త ఇంటి అడ్వాన్సు మాత్రం భవన నిధిలోంచి తీయకండి, అది మామూలు ఖాతాలోంచే కట్టాలి. అందులో అంత లేకపోతే, ట్రెజరర్ గారి అల్లుడిది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, ఆయన పంపుతానన్న దాంట్లో కొంత ఇల్లు మారే ఖర్చుకి ఇవ్వమనండి.